మేయరు మెడలో మా దండ

నాకు బొత్తిగా గిట్టని మనిషి జీవితాన్ని నేనే రాశాను. రెండు వందల మాటల్లో, అందంగా, ఒక్క అక్షరం తప్పు లేకుండా. న్యూజిలాండ్‌లో హామిల్టన్‌కి అరగంట దూరంలో ఉన్న ఒక చిన్న ఊరి మ్యూజియంలో అది ఇప్పటికీ గోడకి వేలాడుతోంది. బోర్డు కింద మా తెలుగు సంఘం లోగో మెరుస్తూ ఉంటుంది. రాసింది ఎవరో మాత్రం వేయలేదు, ఆ ఒక్కదానికీ దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను.

ఇక్కడ నేను ఎవరి పేరూ రాయడం లేదు. ఎవరి పరువో కాపాడాలని కాదు. పేరు రాయాల్సిన చోటు ఒకటుంది, అక్కడ రాశాను, అది చాలు.

నేను పుట్టింది సూర్యాపేట పక్కన. హిస్టరీలో ఎం.ఏ. చేశాను. ఆ చదువు కూడు పెట్టదని చుట్టాలంతా తేల్చేశాక, స్టూడెంట్ వీసా మీద న్యూజిలాండ్ వచ్చి బిజినెస్ డిప్లొమా చేశాను. అదీ కూడు పెట్టలేదు. ఐదుగురం ఆడపిల్లలం ఒకే ఫ్లాట్‌లో ఒకే పెరుగు డబ్బా పంచుకుని తింటున్న రోజుల్లో నాకు పని ఇచ్చింది అంకుల్. అందరికీ ఆయన అంకులే. కరీంనగర్ నుంచి ఎప్పుడో వచ్చి ఇండియన్ కిరాణా కొట్లు పెట్టారు, రెండు హామిల్టన్‌లో, ఒకటి ఆ చిన్న ఊళ్లో. నేను పనిచేసింది ఆ ఊరి కొట్టులోనే. నాకు రెసిడెన్సీ, అంటే ఇక్కడే స్థిరపడే హక్కు, వచ్చింది ఆయన ఇచ్చిన ఉద్యోగం లెటర్ మీదే. ఇప్పుడు హామిల్టన్ శివార్లలో, రోటోటూనాలో ఇల్లుంది, వృద్ధుల హోమ్ ఆఫీసులో ఉద్యోగం ఉంది, ఇంగ్లిష్‌లో జవాబిచ్చే కూతురుంది. ఇదంతా ఆ ఒక్క కాగితం చలవే అని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

ఆయన మా సంఘానికి ప్రెసిడెంట్. నేను సెక్రటరీ. చేతిరాత బాగుంటుందని నన్ను సెక్రటరీని చేశారు, ఎందుకంటే మా సంఘం మినిట్స్, అంటే మీటింగుల రికార్డు, కంప్యూటర్లో ఉండవు. ఎర్ర అట్ట రిజిస్టర్‌లో చేత్తో రాయాలి, కింద ప్రెసిడెంట్ ఇంకు పెన్నుతో సంతకం పెట్టాలి. ఊళ్లో వాళ్ల నాన్న సొసైటీ చైర్మన్‌గా అలాగే చేసేవాడట. ఆ సంతకం మీద అంకుల్‌కి ఎంత మోజంటే, పైన ఏం రాసి ఉందో ఏనాడూ చూడలేదు. ఎవరూ చూడరు. మీటింగ్ మొదట్లో ఆయన "లాస్ట్ మినిట్స్ అప్రూవ్డేనా?" అంటారు, సమోసా లేని చెయ్యి పైకి లేస్తుంది, అయిపోతుంది. ఏడేళ్లుగా ఇదే తంతు.

ఆ చిన్న ఊరి కౌన్సిల్‌కి పోటీ చేద్దామని అంకుల్‌కి ఆలోచన వచ్చింది. కొట్టుకొచ్చే తెల్లవాళ్లు పలకరిస్తారు గానీ ఓటేస్తారో లేదో. అప్పుడే మ్యూజియం వాళ్లు పాత మేయర్ల మీద బోర్డులు పెడుతున్నారనీ, ఒక్కో బోర్డుకి ఒక్కో సంస్థ సాయం చేయవచ్చనీ తెలిసింది. అంకుల్ వెంటనే ఒకటి మా సంఘం తరఫున పట్టేశారు. మాకు వచ్చింది ఒక అమెరికావాడు. పోయిన శతాబ్దానికి ముందు శతాబ్దంలో ఆ ఊరికి వచ్చి, వ్యాపారి అయి, మేయరు అయినవాడు. హిస్టరీ చదివింది నేనొక్కదాన్నే కాబట్టి రాయడం నా నెత్తిన పడింది.

నిజం చెప్పాలంటే సంబరపడ్డాను. పదిహేనేళ్లుగా ఈ దేశంలో నా ఎం.ఏ. గురించి అడిగినవాళ్లు లేరు.

మ్యూజియం అంటే పాత పోస్టాఫీసు. వెనక గదిలో కాలిన దుమ్ము వాసన కొట్టే హీటర్, ఇనప బీరువా, పొడుగు బల్ల. అక్కడ పనిచేసేది రిటైరైన ఒక టీచరమ్మ, డెబ్బై దాటిన కివీ ఆవిడ. శనివారం శనివారం నేను వెళ్లేసరికి బీరువా తెరిచి పెట్టేది. పాత పుస్తకాలు దిండు మీద పెట్టి తెరవాలని, వేలు తడి చేసుకుని పేజీ తిప్పకూడదని మొదటి రోజే చెప్పింది. ఆ రెండో అలవాటు నాకుంది, మానుకోవడానికి రెండు వారాలు పట్టింది.

అమెరికావాడి కథ నాకు నచ్చింది. అక్కడెక్కడో కొండల మధ్య పేద రైతు ఇంట్లో, పిల్లల మందలో ఒకడిగా పుట్టాడు. మీసాలు రాకముందే ఓడెక్కాడు. బంగారం దొరుకుతుందని ఆస్ట్రేలియా, అక్కడ దొరక్క ఇక్కడికి. ఇక్కడా దొరకలేదు. అడవిలో చెట్లు కొట్టే కూలికి కుదిరాడు. తర్వాత కలప కోసే మిల్లు పెట్టాడు, ఆ తర్వాత ఊళ్లో పెద్ద కొట్టు. సూది నుంచి నాగలి దాకా అన్నీ అందులోనే. మొదట రోడ్ల కమిటీలో మెంబరు, తర్వాత కౌన్సిలర్, ఆ తర్వాత మళ్లీ మళ్లీ మేయరు. నది మీద చెక్క వంతెన వేయించింది అతనే. ఫోటోలో గుబురు మీసాలతో, కోటు గుండీలు బిగించుకుని, అచ్చం మా పెదనాన్నలా కూర్చుని ఉన్నాడు.

చూడండి ఎంత మురిసిపోయానో. పరాయి దేశం వచ్చి, చేతికందిన పని చేసి, సెటిల్ అయి, పదిమందిలో నిలబడ్డాడు, మనలాంటివాడే అనుకున్నాను. ఇంటికొచ్చి మా ఆయనకి కథలు కథలుగా చెప్పాను. ఒక అమెరికావాడిని వెనకేసుకొచ్చి మొదటి డ్రాఫ్ట్ రాసుకున్నాను. ఇప్పుడు ఆ కాగితం చూస్తే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఐదో శనివారం కౌన్సిల్ మినిట్స్ పుస్తకం తీశాను. గుమాస్తా చేతిరాత ముత్యాల్లా ఉంది. వంతెన సంగతి వెతుకుతుంటే మధ్యలో రెండు పంక్తులు కనిపించాయి. ఒక హిందూ హాకర్, అంటే ఇంటింటికీ మూట మోసుకుని తిరిగి సరుకు అమ్మేవాడు, లైసెన్సు కోసం అర్జీ పెట్టుకున్నాడు. ఇవ్వకూడదని ప్రతిపాదించింది స్వయంగా మేయరు. ఒకరు బలపరిచారు. వ్యతిరేకించినవాళ్లు ఎవరూ లేరు. ప్రతిపాదించినవాడి పేరుంది, బలపరిచినవాడి పేరుంది, కూర్చున్న ప్రతివాడి పేరూ ఉంది. అర్జీ పెట్టుకున్నవాడికి మాత్రం పేరు లేదు.

పేజీలు తిప్పాను. ఆరు నెలల తర్వాత మళ్లీ అదే మనిషి, అదే జవాబు. ఇంకో ఆరు నెలలకి మళ్లీ. ఆ తర్వాత అతని ఊసు లేదు.

టీచరమ్మని అడిగితే ఆ రోజుల ఉత్తరాల కట్ట తీసింది. మూడు అర్జీలూ అందులోనే ఉన్నాయి. ఇంగ్లిష్ మూడింట్లోనూ వేరు వేరు చేతిరాతల్లో ఉంది, ఎవరెవర్నో బతిమాలి రాయించుకున్నాడు. మూడో దాంట్లో, దూరపు పొలాల్లో ఉండే ఆడవాళ్లు ఊళ్లోకి రాలేక తనని రమ్మంటున్నారని, సూదులు, దారం, గుడ్డ తప్ప తన దగ్గర ఏమీ లేవని, తానెవరికీ హాని చేయలేదని, ఎందుకు వద్దంటున్నారో కారణం చెబితే చాలని ఉంది. కారణం నాకు తెలుసు. సూదులు, దారం, గుడ్డ మేయరు కొట్టులో ఉన్నాయి. ప్రతి అర్జీ కిందా ఒక సంతకం. అది మాత్రం ఇంగ్లిష్ కాదు. మన లిపి, అంటే మన దేశపు లిపి. పంజాబీలా అనిపించింది, నాకు చదవడం రాలేదు.

ఎదురుగా డైరీ ఉంది. పాలు, బ్రెడ్డు, చాక్లెట్లు అమ్మే చిన్న కొట్లని ఇక్కడ అలాగే అంటారు. దాన్ని నడిపేది ఒక ముసలి సర్దార్జీ. కాపీ పట్టుకుని రోడ్డు దాటాను. ఆయన కౌంటర్ మీద పరిచి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, కాగితాన్ని ముక్కు దాకా తెచ్చుకుని, వేలు పెట్టి కూడబలుక్కుంటూ పేరు చదివారు. రెండోసారి గట్టిగా చదివారు. "హిందూ అని రాశారా వీళ్లు?" అని నవ్వారు, నవ్వి తల తిప్పుకున్నారు. కాపీ తనకొకటి కావాలన్నారు. ఇచ్చాను. మరుసటి వారానికి అది ఆయన కౌంటర్ వెనక, గురువుల పటం పక్కన అతికించి ఉంది.

నాకు అంత కోపం ఎందుకొచ్చిందో చెప్పాలి. మా నాన్న సైకిల్ వెనక చీరల మూట కట్టుకుని ఊళ్లు తిరిగి అమ్మేవాడు. వేసవి సెలవుల్లో నన్ను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లేవాడు. ఒక ఊళ్లో సర్పంచే బట్టల కొట్టు పెట్టుకున్నాడు. ఊరి మొదట్లోనే సైకిల్ హ్యాండిల్ పట్టుకుని, ఈ ఊళ్లో అమ్మొద్దని చెప్పాడు. ఎందుకని మా నాన్న అడగలేదు. దిగి, సైకిల్ వెనక్కి తిప్పి, మళ్లీ ఎక్కాడు.  నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఆ సర్పంచ్‌కీ గుబురు మీసాలే.

డ్రాఫ్ట్ మొత్తం మార్చలేదు. వంతెన వంతెనే, మిల్లు మిల్లే. ఒక్క వాక్యం చేర్చాను. తన కొట్టులో దొరికే సరుకులే అమ్ముతున్న ఒక భారతీయ హాకర్‌కి ఈ మేయరు మూడుసార్లు లైసెన్సు రాకుండా చేశాడని, ఆ హాకర్ పేరు ఇదని. టీచరమ్మ చదివి అంది.

"ఇది ఉండాల్సిందే. ఇది లేకపోతే మిగతాదంతా అడ్వర్టైజ్‌మెంట్."

వాళ్ల ఊరి మేయరు గురించి వాళ్ల మనిషే అలా అంది. ఈ ఊరి నేల ఇక్కడి మూలవాసులైన మావోరీల దగ్గర యుద్ధం చేసి గుంజుకున్నదని పక్క బోర్డులోనే పెద్ద అక్షరాల్లో ఉంది, దాన్ని రాయించింది కూడా ఆవిడే. నాకు భయం లేకపోయింది. అడ్డం వచ్చేవాళ్లెవరూ ఉండరనుకున్నాను. మనవాళ్ల సంగతి అప్పటికి నాకు తట్టనే లేదు.

సాయం చేసే సంస్థ ఒప్పుకోవాలి కాబట్టి డ్రాఫ్ట్ అంకుల్‌కి వెళ్లింది. రెండు రోజులకి కొట్టుకి రమ్మన్నారు. సోనామసూరి బస్తాల పక్కన ప్లాస్టిక్ స్టూల్ వేసి కూర్చోమని, ఆయన నిలబడే మాట్లాడారు.

"ఏందమ్మా ఇది? పెండ్లికి పిలిస్తె పోయి వాళ్లింటి లొల్లి మైకుల చెప్పినట్టుంది."

"ఉన్నదే రాసిన అంకుల్. వాళ్ల పుస్తకంలనే ఉన్నది."

"ఉంటె ఉండనీ. మనం బతకనీకి వచ్చినం. వాళ్ల పెద్దమనిషిని పట్టుకొని మనమే గిట్లంటె రేపు నాకు ఓటెవడు ఏస్తడు? ఆ లైన్ తీసెయ్."

"ఆ మ్యూజియం మేడమే ఉండాలంటున్నది అంకుల్. వాళ్లకు లేని బాధ మనకెందుకు?"

ఆయన గొంతు పెంచలేదు. ఒక బస్తా సర్ది, ఇంకోటి సర్ది, నా వైపు చూడకుండానే అన్నారు.

"ఉన్నయన్ని రాస్తరామ్మా? నీ రెసిడెన్సీ లెటర్ల నేను ఉన్నదే రాసిన్నా?"

 నేను ఆ కొట్టులో కౌంటర్ దగ్గర నిలబడి బిల్లులు కొట్టాను, అరలు సర్దాను, నేల తుడిచాను. ఆయన లెటర్‌లో మేనేజర్ అని రాశారు. మేనేజర్ అయితేనే రెసిడెన్సీకి చాలినన్ని పాయింట్లు వస్తాయి. అప్పుడు ఆయన కాళ్లకి దణ్ణం పెట్టాను. నాలాంటివాళ్లు ఆయన చేతి కింద ఎంతమంది మేనేజర్లయ్యారో ఆయనకే తెలియాలి. ఆ మాట ఆయన ఎవరితోనూ అననవసరం లేదు. గుర్తు చేస్తే చాలు.

ఇంటికొచ్చి, లాప్‌టాప్ తెరిచి, ఆ వాక్యం కొట్టేశాను. నేనే. ఎవరూ నా చెయ్యి పట్టుకుని చేయించలేదు. పేరు ఒక్కటైనా ఉంచుదామని చూశాను, వాక్యం లేకుండా పేరు ఎక్కడా అతకలేదు. అదీ తీసేశాను. బోర్డు ప్రింటుకి వెళ్లిపోయింది.

ఆవిష్కరణ ఆదివారం పొద్దున పెట్టుకున్నారు. ఆ ఊరి జనం ముప్ఫై మంది, మనవాళ్లు అరవై మంది. మన పద్ధతి ఎలా ఉంటుందో తెలిసిందేగా. ఏ మీటింగ్ అయినా సరే జ్యోతి వెలిగించాలి, ఫోటోకి దండ వేయాలి, ఎవరో ఒకరికి శాలువా కప్పాలి, మెమెంటో ఇవ్వాలి. ఎవరిదా ఫోటో, ఎందుకా దండ అని మనం అడగం. మ్యూజియంలో మంట పెడితే అలారం మోగుతుందన్నారని బ్యాటరీ దీపాలు తెచ్చారు. దండ మాత్రం అసలుదే, బంతిపూలూ చామంతులూ కలిపి అంకుల్ భార్య, మా ఆంటీ, తెల్లారుజామున లేచి కట్టింది. అంకుల్ చెప్పులు విప్పి, ఆ అమెరికావాడి ఫోటోకి దండ వేసి, రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకున్నారు. వెనక అరవై మందీ జోడించారు. పోయినవాళ్ల ఫోటో కనిపిస్తే మన చేతులు వాటంతటవే కలుస్తాయి. నా చేతులూ కలిశాయి. అవి కలిశాక చూసుకున్నాను.

ఆ హాకర్ మూట మోసుకుని తిరిగిన దారుల్లో, వాణ్ని తరిమేసినవాడికి మన ఆడమనిషి కట్టిన దండ. ఈ తప్పు తెల్లవాళ్లు చేయలేరు. వాళ్లకి దండ వేయడం రాదు. ఇది మనం మాత్రమే చేయగల తప్పు, ఎంతో భక్తిగా చేశాం.

ఆ తర్వాత అంకుల్ మైకు తీసుకుని ఇంగ్లిష్‌లో మాట్లాడారు. ఈ మహానుభావుడు దూరదేశం నుంచి వచ్చి, వచ్చిన ప్రతివాడికీ ఈ ఊరి తలుపులు తెరిచిపెట్టాడని అన్నారు. చప్పట్లు కొట్టారు. మా సంఘం రికార్డు పుస్తకాలు కూడా నిండగానే ఈ మ్యూజియంకే ఇస్తామని, మన చరిత్ర కూడా ఇక్కడే భద్రంగా ఉండాలని ప్రకటించారు. మళ్లీ చప్పట్లు. నేను పళ్లు బిగబట్టి ఫోటోలు తీశాను.

టీ తాగేటప్పుడు టీచరమ్మ నా పక్కకి వచ్చింది. భుజం మీద మేము కప్పిన శాలువా ఉంది, తీసేస్తే మర్యాద కాదేమోనని అలాగే ఉంచుకుంది.

"ఆ వాక్యం కనబడలేదు."

"చోటు సరిపోలేదు," అన్నాను.

ఆవిడ బోర్డు వైపు చూసింది. దాని కింద జానెడు ఖాళీ ఉంది. ఆ ఖాళీలో మా లోగో. కప్పు కడగడానికి వెళ్లిపోయింది. ఆవిడ తిట్టి ఉంటే హాయిగా ఉండేది.

ఆ వారమంతా ఇంట్లో గిన్నెలు చప్పుడయ్యాయి. మా ఆయన అడిగితే చెప్పాను. "తీసేశావు కదా, ఇంక ఎందుకు?" అన్నాడు. దానికే కదా, తీసేశాను కాబట్టే కదా. చివరికి టీచరమ్మకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ విని, బోర్డు మళ్లీ ప్రింట్ చేయించడం పెద్ద పనేమీ కాదని, సంఘం ఒప్పుకుంటున్నట్టు ఒక కాగితం ఇస్తే చాలని అంది.

కమిటీ మీటింగ్ రోటోటూనాలో ఒక హాల్లో, ఆదివారం మధ్యాహ్నం. మేము తొమ్మిది మందిమి. ఎజెండాలో నా విషయం చివరన, బతుకమ్మ హాల్ బుకింగ్‌కి ముందు పెట్టాను. అర్జీల కాపీలు అందరికీ పంచాను. మూడు అర్జీలూ చదివాను. మా నాన్న సైకిల్ సంగతి కూడా చెప్పాను, చెప్పకూడదనుకుని కూడా. మధ్యలో ఆగి నీళ్లు తాగాను, అది ఏడుపని వాళ్లు అనుకుని ఉంటారు. కాదు.

అంకుల్ అంతా విని, నిమ్మళంగా అన్నారు.

"బిడ్డ బాధ నాకు సమజైతది. కానీ గప్పటి ముచ్చట గిప్పుడెందుకు? ఆ లైన్ మళ్ల పెట్టాలనేటోళ్లు చేతులెత్తున్రి."

నా చెయ్యి లేచింది. ఇంకో చెయ్యి కోసం చూశాను. ఎదురుగా కూర్చున్నది ఒకప్పుడు నాతో ఆ ఫ్లాట్‌లో ఉన్న స్నేహితురాలు. పెరుగు డబ్బాలో చివరి చెంచా నాకు వదిలేసేది. తను ఫోన్‌లోకి చూస్తోంది. ఫోన్ ఆఫ్ అయి ఉంది, నల్లటి అద్దంలోకి చూస్తోంది. ట్రెజరర్ కాపీని నాలుగు మడతలు పెట్టి సమోసా ప్లేటు కింద పెట్టాడు. ఎనిమిది మందిలో ఒక్కరూ చెడ్డవాళ్లు కాదు. అంకుల్ పోగా మిగతా ఏడుగురికీ ఆయన ఏదో ఒకటి చేసిపెట్టారు.

"అయితె అయిపాయె. బతుకమ్మ హాల్ సంగతి చూద్దాం."

కార్ పార్కింగ్‌లో నా స్నేహితురాలు వెనకే వచ్చింది.

"నాకు మస్తు బాధైందే. కానీ మా ఆయన షాప్ ఉన్నది అంకుల్ బిల్డింగ్‌ల. నీకు తెల్వదా?"

తెలుసు. తెలియకపోతే ఇంకా గట్టిగా తిట్టేదాన్ని. కారెక్కి డ్రైవ్ చేసుకుంటూ వచ్చేశాను. ఇంటి ముందు ఆపాక కూడా స్టీరింగ్ వదలబుద్ధి కాలేదు.

సెక్రటరీని కదా, మినిట్స్ రాయాలి. ఎర్ర అట్ట రిజిస్టర్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఎప్పుడూ నాలుగు ముక్కల్లో తేల్చేస్తాను. ఆ రోజు మూడు పేజీలు రాశాను. మ్యూజియం బోర్డు కోసం ఒక వాక్యం రాసినట్టు, ఆ వాక్యం యథాతథంగా. ప్రెసిడెంట్ తన ఎన్నిక కోసం దాన్ని తీసేయమన్నట్టు. తన రెసిడెన్సీ లెటర్‌లో లేని ఉద్యోగం ఉన్నట్టు రాసి ఉన్నందున భయపడి సెక్రటరీ దాన్ని తీసేసినట్టు. ఆ మాట రాసేటప్పుడు పెన్ను ఆగింది. ఆ కాగితం బయటపడితే నాకేమవుతుందో నాకు తెలుసు. మేయరు సంగతి రాసి నా సంగతి దాచుకుంటే నేనూ ఆ గుమాస్తా ఒకటే. రాశాను. తిరిగి పెట్టాలన్న ప్రతిపాదనకి ఒక చెయ్యి లేచినట్టు, ఎనిమిది లేవనట్టు.

పాత పుస్తకంలో అందరికీ పేర్లున్నాయి, హాకర్‌కి లేదు. నేను తిరగేసి రాశాను. ప్రెసిడెంట్, ట్రెజరర్, మెంబర్లు, సెక్రటరీ, అంతే, మాకెవరికీ పేర్లు లేవు. ఆ మూడు పేజీల్లో పేరున్న మనిషి ఒక్కడే. ఆ పేరు ఇంగ్లిష్‌లో రాశాను, తెలుగులో రాశాను. పక్కన, అర్జీ మీద ఉన్న అతని సంతకాన్ని చూస్తూ, ఒక్కో గీతా దిద్దుకుంటూ, అతని లిపిలో కూడా రాశాను. సర్దార్జీకి చూపించి సరిచూసుకున్నాను.

తర్వాతి మీటింగ్‌కి రిజిస్టర్ తీసుకెళ్లి, ఆ పేజీ దగ్గరే తెరిచి, బల్ల మధ్యలో పెట్టాను. దాచలేదు. ఎవరైనా తల వంచితే కనిపించేది. నా స్నేహితురాలికి రెండు జానల దూరంలో ఉంది. చదవండి, ఒక్కరైనా చదివి నన్ను నిలదీయండి అని లోపల అనుకుంటూనే ఉన్నాను. బతుకమ్మకి ఎవరు ఏ పూలు తేవాలో మాట్లాడుకుంటున్నారు.

"లాస్ట్ మినిట్స్ అప్రూవ్డేనా?" అన్నారు అంకుల్.

ఎనిమిది చేతులు లేచాయి. అన్నీ, ఒక్కటీ తగ్గకుండా. అతని కోసం ఒక్కటీ లేవని చేతులు. తొమ్మిదోది నాది. అంకుల్ ఇంకు పెన్ను మూత తీసి, ఎప్పటిలాగే పేజీ అడుగున, పెద్దగా, కింద గీత లాగి సంతకం పెట్టారు. తడి ఆరడానికి నోటితో ఊదారు కూడా. ఆ ఊదినప్పుడు ఆయన కళ్లు ఆ పేరు మీదే ఉన్నాయి. చూశారు గానీ చదవలేదు.

అంకుల్ ఎన్నికల్లో గెలిచారు. కౌన్సిల్లో మనవాడు ఒకడున్నాడని అందరూ పొంగిపోతున్నారు. ఆయనకి కూడా దండలు వేశారు. నేను వెళ్లలేదు, ఒంట్లో బాగాలేదని చెప్పాను.

డిసెంబరులో రిజిస్టర్ నిండింది. ఆయన మైకులో చెప్పిన మాట ప్రకారం నేనే తీసుకెళ్లి మ్యూజియంలో ఇచ్చాను. టీచరమ్మ రసీదు రాసింది. ఒక పేజీ దగ్గర కాగితం ముక్క పెట్టి ఉంచితే, అక్కడ తెరిచి, నిలబడే చూసింది. తెలుగు చదవడం రాకపోయినా, ఆ పేరు మూడు లిపుల్లో ఉందని పోల్చుకుంది. బీరువా తీసి, ఎక్కడ పెట్టాలో నన్ను అడిగింది. పాత కౌన్సిల్ మినిట్స్ పక్కన పెట్టమన్నాను. పెట్టింది.

నా కోపం తీరలేదు. బోర్డు అలాగే ఉంది, లోగో అలాగే ఉంది, ఫోటో ఫ్రేముకి ఎండిపోయిన బంతిపువ్వు ఒకటి ఇంకా అంటుకుని ఉంది. వెళ్లినప్పుడు దాన్ని గోటితో గీకి తీసేశాను. ఎప్పుడో ఎవరో శనివారం పూట వంతెన సంగతి వెతుక్కుంటూ ఆ బీరువా తెరుస్తారు. అప్పటికి మేమెవరమూ ఉండం. అతని పేరు ఉంటుంది, దాన్ని కాదన్న మేము తొమ్మిది మందిమీ ఏకగ్రీవంగా ఆమోదించినట్టు కింద సంతకం ఉంటుంది.